పడవ బొమ్మ పుస్తకం

రాయ్‌పూర్,
14 జూలై 2012, శనివారం.

పూజ్యులైన దీనమ్మ మామ్మగారికి,

ఊర్మిళ నమస్కరించి రాసేది. దేవుని కృపలో మీరంతా కులాసా అని తలుస్తాను. మేమిక్కడ క్షేమం.

ఈ ఉదయం లైబ్రరీ తెరిచేసరికి కిటికీ గట్టు మీది మసిలో పావురం అడుగులున్నాయి. చూడమని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. మీ మనవరాలు శిల్ప ఇక్కడ పని మానేసినప్పటి నుంచీ ఇంతే.

ఎందుకు మానేసిందో మీకు చెప్పి ఉండదు. చీటీల పెట్టెలు తీసేసి పుస్తకాల వివరాలు కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు, తెలుగమ్మాయి కదా అని తెలుగు బీరువా శిల్పకిచ్చారు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదివింది హిందీ మీడియం. అక్షరాలు రావని చెప్పడానికి సిగ్గుపడింది. పేర్లకు బదులు అట్టల మీది బొమ్మలు చూసి హిందీలో ఎక్కించింది. పడవలో ఆడమనిషి, రెండు మేకలు, విరిగిన కుర్చీ, ఇలా. మా లైబ్రేరియన్ వీరేంద్ర సార్ కనిపెట్టి, తెలుగు రాని తెలుగుదానివా అని అందరి ముందూ నవ్వారు. మర్నాటి నుంచి రాలేదు. నా ఫోను ఎత్తదు. గడప కూడా దాటడం లేదని విన్నాను.

ఆ బొమ్మల మాటలు చెరిపేసి పేర్లు ఎక్కించమన్నారు నన్ను. పేర్లు ఎక్కించాను. మాటలు చెరపడానికి చెయ్యి రాలేదు.

మొన్న రైల్వే కాలనీ బంగారమ్మగారు వచ్చారు. పెళ్ళైన కొత్తలో వాళ్ళాయన ఇక్కణ్ణుంచి తెచ్చి చదివి వినిపించిన పుస్తకం ఒకసారి చూడాలట. పేరేమిటండీ అంటే, పేరు తెలిస్తే నీతో పనేంటే పిల్లా, అట్ట మీద పడవ, అందులో ఒకత్తే ఆడది అన్నారు. పడవకు హిందీ మాట కొట్టి వెతికాను. వెంటనే దొరికింది. ఆవిడ అట్టను కొంగుతో తుడిచి, ఇదేనే, ఇదే అన్నారు. సార్ అక్కడే ఉన్నారు. సాయంత్రం, ఒడియా, బెంగాలీ పుస్తకాలకూ ఇలా రాయించాలి, ఆ అమ్మాయి ఉంటే బాగుండేది అన్నారు.

నేను అడిగితే శిల్పను 23వ తేదీ సోమవారం రమ్మన్నారు. ఫోను ఎత్తదు గనక మీకు రాస్తున్నాను. మీ మాట వింటుంది. సార్ క్షమించమని అడిగే మనిషి కాదు, టీ తెప్పిస్తారు. అది చాలనుకోమనండి.

మీ మోకాళ్ళు జాగ్రత్త.

ఇట్లు,
ఊర్మిళ

తా.క. శిల్ప పోస్టు పోయిన నెలే ఎత్తేశారు. ఉన్నది నాదొక్కటే. నిన్న రాజీనామా ఇచ్చాను.