ఐరెఫ్ పిన్ను దగ్గర పెట్టిన రెసిస్టర్

అక్కా,

"తప్పు నాదేనని ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోతుందిరా" అన్నావు నిన్న ఫోన్లో. పోతుంది. ఏం పోతుందో చెప్పేలోపే పెట్టేశావు. అందుకే రాస్తున్నా. కాగితం మీదైతే మధ్యలో అడ్డం రాలేవు కదా.

అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావ, పాప బాగున్నారనుకుంటా. నేను బాగానే ఉన్నా, నిజంగానే బాగున్నా. ఈ పాండిచ్చేరి ఉక్కకి పొద్దున వేసుకున్న చొక్కా అప్పుడే తడిసిపోతుంది. గదిలో వాళ్ళంతా తమిళం వాళ్ళే. వాళ్ళు నవ్వితే నేనూ నవ్వుతా, ఎందుకో తెలియకపోయినా. మెస్సులో కూర చప్పగా ఉంటుంది. ఎవరైనా ఇటు వస్తుంటే ఊరమిరపకాయలు పంపు.

మేడ మీద ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో వంటింట్లోనే చూపించే పెట్టెలు చేస్తాం మేము. వాటికి చిన్న ఓలెడ్ తెర ఉంటుంది. దాన్ని నడిపే చిప్పుకి రెండు సప్లైలు ఇవ్వాలి. వీడీడీ పిన్నుకి తక్కువ ఓల్టేజి, అది చిప్పు పనిచేయడానికి. వీసీసీకి ఎక్కువ, అది తెర మీద చుక్కలు వెలగడానికి. వీఎస్ఎస్ గ్రౌండు. వీకామ్‌హెచ్ దగ్గర కెపాసిటర్ లేకపోతే వెలుతురు కుదురుగా ఉండదు. ఇక ఐరెఫ్. ఆ పిన్నుకీ గ్రౌండుకీ మధ్య పెట్టే రెసిస్టర్‌ని బట్టే చుక్కలకి కరెంటు పోతుంది. రెసిస్టర్ విలువ తగ్గిస్తే తెర ధగధగలాడుతుంది. తొందరగా మాడిపోతుంది కూడా.

మా ఓనరు తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్న తెలుగాయన. మొదటి పెట్టె చూడగానే మొహం చిట్లించాడు.

"ఏంది తంబీ, చావింట్లో దీపం మాదిరి? కొనేటోళ్ళు ఎండలో పెట్టి చూస్తారు. ఐరెఫ్ కాడ చిన్న రెసిస్టర్ పెట్టు."

"అన్నా, తొందరగా పోతాయి."

"పోయేలోపల అమ్ముడుపోతాయిలే. సుమ్మా పెట్టు, ఏం గాదు."

పెట్టాను. ఇక్కడే సారం అనే పేటలో ఒక అపార్టుమెంటు వాళ్ళు ఇంటింటికీ కొన్నారు. రోజంతా వెలిగే అక్షరాలే ముందు మసకబారాయి. ఇప్పుడు నీళ్ళున్నాయో లేదో చూడడానికి ఆ ఇళ్ళ ఆడవాళ్ళు మళ్ళీ మేడెక్కుతున్నారు. ఇలా ఎందుకయిందో నిలదీయడానికి వాళ్ళ సెక్రటరీ మేడం ఈ రోజు వస్తోంది.

"తెలీక పెట్టినానని నువ్వే చెప్పు. సదువు లేనోడు, పొరపాటైపోయిందని నేను సర్దేస్తా. నీ పని యాడికీ పోదు" అన్నాడు ఓనరు.

నువ్వూ అదే పాట. బడి మానేసినవాడిని కాబట్టి ఏ తప్పయినా నాకు కొలిచి కుట్టినట్టు సరిపోతుందని మీ ఇద్దరి నమ్మకం. నాకు చేతనైంది ఈ ఒక్క పనే అక్కా. తెలీక పెట్టాడన్న పేరొచ్చిందంటే ఈ ఊళ్ళో మళ్ళీ ఎవరూ నా చేతికి బోర్డు ఇవ్వరు.

నేనే పెట్టానని చెప్తా. ఎవరు పెట్టమన్నారో కూడా అదే నోటితో చెప్తా. ఆ తరవాత ఇక్కడ నాకు పని ఉండదు, తెలుసు. బావతో ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. ఇంటికి మాత్రం రాను. అమ్మకి ఇదేం చెప్పకు, కాళ్ళకి దండం పెట్టానని చెప్పు. పెద్దమ్మనీ అడిగానని చెప్పు.

కింద మేడం బండి ఆగింది. ఓనరు నా పేరు పెట్టి అరుస్తున్నాడు. పోవాలి.