ఎడమకు తిప్పిన నాబ్

అన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. నీ స్టీరియోకు పాట శబ్దాన్ని సర్దే కొత్త ప్రీయాంప్లిఫయర్ వేయిద్దామా అని హైదరాబాద్ దుకాణం అతన్ని వనపర్తికి పిలిపించాను. వస్తూనే పాతదాన్ని చూసి నవ్వాడు.

"బ్యాలెన్స్ నాబ్ గింత ఎడమకు తిప్పిందెవరక్కా? సౌండంతా ఎడమ స్పీకర్లకెల్లే వస్తుంది, పాటంతా ఖరాబ్ చేసిండు. కొత్తదాంట్ల గీ నాబే ఉండదు."

నన్నడగకుండానే దాన్ని మధ్యకు తిప్పేశాడు! కొల్లాపూర్ మామిడితోటలో కోతులను తోలడానికి పేల్చిన పటాకుతో నీ ఎడమ చెవి మందగించి, అటువైపు శబ్దం పెంచుకున్నావని వాడికేం తెలుసు?

"నీ కొత్త డబ్బా నువ్వే తీస్కపో" అని కసిరి పంపేశాను.

నాబ్ మళ్లీ ఎడమకే తిప్పాను. కుడివైపు కుర్చీలో నాకు సగం పాటే వినపడుతోందని రోజూ నీ మీద అరిచేదాన్ని. ఇప్పుడూ సగమే వినపడుతోంది. చెప్పు, ఎవరి మీద అరవను?