మగ్గాలు ఆపి విన్న కాల్

నాయనా,

ఇయర్‌ఫోను టీవీ పక్కన పెట్టినాను. ఇకమీదట నా వాట్సాప్ కాల్ వస్తే అది చెవిలో పెట్టుకుని, నడింట్లోకి పోయి తలుపేసుకుని మాట్లాడు. నీ ఫోనుకు లాక్ కూడా పెట్టినాను. ఆ లాక్ నంబరు మగ్గాల షెడ్డు గోడమీద సుద్దముక్కతో రాయొద్దు.

మన మాటలు మూడోవాళ్లకు వినపడవని వాట్సాప్‌లోనే రాసుండాది. వాట్సాప్ వాళ్లు దాచినారు, నువ్వు దాచలేదు. పక్కన ఎవరూ లేరు కదా అని అడిగి మరీ చెప్పినాను, కడుపు నిలవలేదని. నువ్వేమో సరిగ్గా వినపడలేదని నాలుగు మగ్గాలూ ఆపించి స్పీకర్ పెట్టినావు. మగ్గాలు ఆగితే మన వీధిలో దగ్గినా నాలుగిళ్లకు వినపడుతుందని నీకు తెలీదా? నిన్న బస్సు దిగినప్పటి నుంచి ప్రతి గడపలోనూ ఓదార్పే. మా అత్తకు నేనింకా చెప్పనేలేదు, ఆమెకూ మన వీధి నుంచే తెలిసింది. అడిగితే, "అందరూ మనోళ్లే కదమ్మా" అంటావు.

సూళ్లూరుపేటలో మధ్యాహ్నం షిఫ్టు ఉండాది, తొలి బస్సుకే పోతున్నాను. కోపంతోనే నిన్ను లేపలేదు.

లోహిత

ఇంకొకటి. కాల్ అయిపోయినాక నువ్వు మగ్గానికి తల ఆనించుకుని ఏడ్చినావంట, పక్కింటి దేవకమ్మ చెప్పింది. అదీ వీధంతా వినింది. నేనొక్కదాన్నే వినలేదు.