మిగిలిన రెండు స్క్రూలు

బావగారికి,

మీ చెల్లెలు పోవడంలో నా తప్పేమీ లేదని, గుండెపోటుకి ఎవరేం చేస్తారని అందరితో అంటున్నారట. అనకండి.

ఆ పూట కొత్త అలమర బిగిస్తున్నాం. తను పక్కచెక్క పట్టుకుంది. చెక్క తిరగబడిందని తను ముందే చెప్పినా వినలేదు. అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ కోపం మీదున్నాను.

"ఎడమ చెయ్యి లాగేస్తోందండీ, వదిలేయనా?" అంది.

"ఇంకా రెండు స్క్రూలున్నాయి, కదలకు" అన్నాను. వాటి కన్నాలు ఎక్కడున్నాయా అని పావుగంట వెతికాను. చెమటలు కారుతున్నా తను అలాగే నిలబడింది. చివరికి కూలిపోయింది. చెక్క మాత్రం కదల్లేదు.

అలమరతో వచ్చిన కాగితం నిన్న వెనక్కి తిప్పి చదివాను. ఒకటీ అరా పోతే పనికొస్తాయని రెండు స్క్రూలు ఎక్కువే ఇస్తారట.