జొన్నల డబ్బాలో బూట్లు

1944 ఆగస్టు 3, గురువారం

నా కొడుకు దానియేలు పోయి ఇరవై ఒక్క రోజులు. వాని లెక్కల పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. అందులో రాస్తున్నాను. బైబిలు చదవడానికి నేర్చుకున్న అక్షరాలు ఇవి. ప్రార్థనలో నోరు రానిది రాయడానికి పనికొస్తాయనుకోలేదు.

ఆగస్టు 4

ధనుర్వాతం అన్నాడు డాక్టరు. తుప్పు పట్టిన మేకు. ఉత్త కాళ్ళతో ఫుట్‌బాల్ ఆడినందుకు.

ఉత్త కాళ్ళు ఎందుకో నాకు తెలుసు. నా ఒక్కదానికే.

ఆగస్టు 6, ఆదివారం

ప్రార్థన అయినాక చర్చి గుడి మెట్ల మీద ఆడవాళ్ళు. "గంత ఆటపిచ్చి ఏందో వదినా, బూట్లు సుత మరిచి పోయిండట." తల ఊపాను. దేవుని ఇంటి ముందే ఊపాను.

ఇక్కడైనా రాయాలి. జూలై మొదటి ఆదివారం. దేవుని దినాన పొయ్యి కూడా వెలిగించం మేము, శనివారమే రొట్టెలు చేసి పెడతాను. అలాంటి ఇంట్లో వీడు బంతి ఆడతానంటాడు... బూట్లు లేకపోతే పోడనుకున్నాను. జొన్నల డబ్బాలో అడుగుకు తోసి, పైన జొన్నలు పోశాను.

"అమ్మా, నా బూట్లేడున్నయే?"

"నాకేం ఎరుక" అన్నాను. దేవుని దినం కాపాడడానికి ఆ దినమే అబద్ధం.

నేను గుడికి పోయి వచ్చేసరికి వాడు లేడు. సాయంత్రం కుంటుకుంటూ వచ్చాడు. "ఏం కాలేదమ్మా, జర గీసుకున్నది." బూట్ల మాట మళ్ళీ ఎత్తనే లేదు.

ఆగస్టు 9

వాళ్ళ టీము కెప్టెన్ మహబూబ్ వచ్చాడు. లోపలికి రమ్మంటే గడప మీదనే కూర్చున్నాడు.

"మా అందరికన్న ముందు గ్రౌండుకు వచ్చెటోడమ్మా. ఎడమ కాలు కమ్జోర్ ఉన్నదని, దానికి బలం రావాలని కుడికాలికి గుడ్డ కట్టుకొని, ఎడమతోనే గోడకు కొట్టెటోడు. వంద కొట్టినంకనే నీళ్ళు. మేము నవ్వినం. లంగ్డా, కుంటోడు అని పేరు సుత పెట్టినం. ఆఖరికి గా రోజు గోలు కొట్టింది ఎడమ కాలుతోనే."

మేకు ఏ కాలిలో దిగిందో నాకు తెలుసు. అయినా అడిగాను.

"గదే కాలమ్మా. మేకు దిగినంక సుత వాడు గ్రౌండు బయటికి రాలే. గోలు అయినంకనే కూసున్నడు."

చెమట వాసనతో ఇంటికొస్తే నేనేమనేదాన్ని... "గుర్రం ఉరికితే దాణా పెడతరు, నీకేం పెడతరురా?" వాడు నవ్వేవాడు. "చప్పట్లు పెడతరమ్మా, కడుపు నిండుతది." ఒక్కనాడు పోయి చూడలేదు. ఒక్క చప్పట కొట్టలేదు.

ఇరవయ్యో తారీఖు ఆఖరి ఆటట. మళ్ళీ ఆదివారం. "నువ్వు రావాలె అమ్మా. వాడు ఇంట్ల మరిచిన బూట్లు దొరికితే తే, గ్రౌండుల పెట్టుకొని ఆడతం."

"దొరకలేదు బిడ్డా" అన్నాను.

ఆగస్టు 12

పంజాగుట్ట ఎక్కడానికి పోయాను. బేగంపేటలో మూటలు మోసే పనికి పోయే ముందు, వాడు ఇసుక సంచి భుజాన వేసుకొని పదిసార్లు ఎక్కి దిగేవాడట. నేను ఒక్కసారి సగం ఎక్కి కూలబడ్డాను.

పాలమ్మే ముసలమ్మ ఆగింది. "దానియేలు తల్లివా? మా కోడికన్న ముందు లేసెటోడు నీ కొడుకు. గసొంటోన్ని కన్నవు."

కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకొని పోయింది. సిగ్గు అది.

ఆగస్టు 15

ఈసారి రేషను జొన్నలు ఇంకా ఇవ్వలేదు. ఇన్నాళ్ళూ అడుగు కనబడకుండా పైన పోస్తూ వచ్చాను. ఇప్పుడు దిగిపోతున్నాయి.

ఇంకొక భయం. ఆ బూట్లకు వాడు ఆటకు ముందు శనివారం రాత్రే ఆముదం పట్టించాడు. రొట్టెకు వాసన పట్టుకుంటే దానియేలు నాయన అడుగుతాడని రోజూ బిక్కుబిక్కుమంటూ పెడుతున్నాను. తింటాడు. ఏమీ అనడు. నాకూ వాసన తెలియడం లేదు.

ఆగస్టు 18

చెయ్యి పెడితే తగిలింది. మూత వేశాను. ఈ పూట గంజి.

ఆగస్టు 19

తీశాను.

నేను ఉత్తవే పెట్టాను. ఇప్పుడు గుడ్డ చుట్టి ఉంది. వాళ్ళ నాయన చిరిగిన ధోతి ముక్క, రెండు మడతలు. బూట్ల తాళ్ళతోనే పైన గట్టిగా కట్టి ఉంది. ఆముదం జొన్నలకు అంటకుండా.

నేను గుడిలో ఉన్నప్పుడే దొరికాయి వానికి. ఎవరు పెట్టారో తెలియకుండా ఉంటుందా. మళ్ళీ అడుగుకు పెట్టి, పైన జొన్నలు సర్ది, ఉత్త కాళ్ళతో పోయాడు. టీములో "మరిచిన" అని చెప్పాడు. నన్ను అబద్ధాలదాన్ని కానియ్యలేదు.

రొట్టె వాసన గురించి కూడా ఆలోచించాడు...

ఆగస్టు 20, ఆదివారం

గుడి గంట కొడుతున్నారు. దానియేలు నాయన తెల్ల బట్టలు కట్టుకొని వచ్చాడు, నా ఒళ్ళో బూట్లు చూసి నిలబడిపోయాడు.

"గివి యాడికెల్లి వచ్చినయే?"

బయట మహబూబ్ సైకిలు గంట. "అమ్మా, పోదమా? ఆలస్యం అయితది."

"చెప్తా, ఉండు" అన్నాను ఇద్దరికీ. అని ఈ పుస్తకం తీశాను, ముందు ఇక్కడ రాస్తే నోరు వస్తుందేమో అని.

గంట ఆగిపోయింది. ఈయన గుడికి పోలేదు. నా పక్కన కూర్చున్నాడు. ఎడమ బూటు చేతిలోకి తీసుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆముదం వాసన ఇంకా ఉంది.

నా వైపు చూస్తున్నాడు.