జేబులో ఉంటేనే మోగే ఫోన్

ప్రియమైన పొట్టీ,

మా చిప్‌తో తయారైన మొదటి ఫోన్లలో ఒకటి నీకు పంపుతున్నాను. ఒకప్పుడు ఫోన్‌లో టవర్‌తో మాట్లాడే రేడియోకే ఒక బోర్డు నిండా ముక్కలు పట్టేవి. ఇప్పుడు అదీ, లెక్కలు చేసే భాగమూ కలిసి గోరంత చిప్‌లో ఇమిడిపోయాయి. రేడియో భాగం మీ అక్క చేతి పనే, నలుగురికీ చూపించి గొప్పలు చెప్పుకో. ఆనకట్ట మీద ఒంటరిగా కాపలా కాస్తావు, నీళ్లు పెరిగితే కింది వీధికి కబురు చేయాల్సింది నువ్వే. మరదలికి నెలలు నిండుతున్నాయి, జాగ్రత్త.

ప్రేమతో, అక్క

ప్రియమైన అక్కా,

ఫోన్ ముద్దొస్తోంది. పాతది నీ మరదలికి ఇచ్చేశాను. కానీ దీనికేదో తిక్క ఉంది. కింది వీధిలో, మన ఇంటి దగ్గర, బాగానే పలుకుతుంది. ఇక్కడ ఆనకట్ట మీద టవర్ దూరం కదా, జేబులో ఉన్నంతసేపూ మోగుతుంది, తీసి మాట్లాడబోతే మూగబోతుంది. అందుకే ఈ ఉత్తరం.

నీ పొట్టి

ప్రియమైన పొట్టీ,

అక్క ఏం చేసినా వంకలు పెట్టడం నీకు చిన్నప్పటి అలవాటే! మా పరీక్షల్లో దానికి ఒక్క లోపమూ దొరకలేదు. గది బయట నిలబడి చూడు. నేను సరే అనగానే లక్షల్లో తయారుచేస్తారట.

అక్క

ప్రియమైన తమ్ముడూ,

నువ్వు చెప్పిందే నిజం. రేడియోను పరీక్షించేటప్పుడు లెక్కల భాగాన్ని నిద్రపుచ్చుతాం. రెండూ వేరువేరు చిప్‌లుగా ఉన్న రోజుల నుంచీ అదే పద్ధతి. ఇప్పుడు రెండూ ఒకేచోట ఉన్నాయి. నువ్వు ఫోన్ తీయగానే లెక్కల భాగం మేలుకుంటుంది, దాని రొదలో దూరపు టవర్ మాట రేడియోకి వినపడదు. నిన్న రెండింటినీ మేల్కొలిపి చూశాను. నా రేడియో చెవిటిదైపోయింది. పాత ఫోన్ వెంటనే తెచ్చుకో. మేనేజర్‌తో చెబితే, "టవర్‌కి అంత దూరంలో ఉండేవాళ్లు ఎంతమందిలేమ్మా" అన్నాడు. నేను మాత్రం సరే అనను. వానలు ముదురుతున్నాయట, భయంగా ఉంది.

నీ అక్క

అక్కా,

నీ ఉత్తరం వరద తీశాక అందింది. ఆ సాయంత్రం నీళ్లు గట్టు దాటుతుంటే నొక్కిన నంబరే నొక్కాను. వెళ్లలేదు. జేబులో పడేసుకుని కిందికి పరుగెత్తాను. దారిలో మోగింది. నీ మరదలు. తీశాను, ఆగిపోయింది. మళ్లీ మోగింది, మళ్లీ తీశాను. ఆ తర్వాత మోగలేదు.

తనని పక్కింటివాళ్లు మిద్దె మీదికి లాగారు. బిడ్డ దక్కలేదు.

ఇవాళ కాపలావాళ్లందరికీ ఆఫీసులో కొత్త ఫోన్లు పంచారు. అచ్చం నువ్వు పంపినదానిలాంటివే. నాకూ ఒకటిచ్చారు. జేబులో ఉంది, ఇప్పుడే మోగింది కూడా.

నువ్వు సరే అన్నావా, అక్కా?

నీ తమ్ముడు