అవ్వ పలికిన పేరు

గురువారం, కోవిల్‌పట్టి

రేపు పొద్దున మా బ్యాండ్ మొదటి ఆల్బమ్ బయటికి రావాలి. ఈ సాయంత్రం అందులోని చివరి పాట అవ్వకు వినిపించాను. నోరు మూసుకుని ఉండాల్సింది.

తాత పోయిన రోజు అవ్వ ఏడుస్తుంటే, ఎవరికీ చెప్పకుండా ఫోన్‌లో రికార్డు చేశాను. ఆ ఏడుపునే మా సైకెడెలిక్ రాక్ పాటలో పెట్టాం. గిటార్లు ఆగాక ఆమె తాతను "కొండసామీ" అని పిలుస్తుంది. ఆ పిలుపును ఎకోలో వేసి, సన్నగిల్లేదాకా తిప్పి తిప్పి వదిలాం.

అవ్వ హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టింది.

"అది సావింట్లో ఏడ్సింది రా. ఆ పేరు ఇప్పుడు నీది. బతికుండే పిల్లోన్ని అట్ల పిలవగూడదు. తీసెయ్యి."

నాకు తాత పేరే పెట్టారన్న సంగతి పాట చేస్తున్నన్నాళ్లూ ఒక్కసారైనా తట్టలేదు. ఎలా తడుతుంది? మొగుడి పేరు పలకకూడదని అవ్వ, మామ పేరని అమ్మ, పుట్టినప్పటి నుంచి నన్ను చిన్నోడా అనే పిలిచారు.

విరుదునగర్‌లో ఉన్న మా డ్రమ్మర్ సెల్వానికి ఫోన్ చేశాను. ఆ గొంతు తీసేస్తే అక్కడ పాటే లేదన్నాడు. తెల్లారేలోపు ఏదో ఒకటి తేల్చమని విసురుగా పెట్టేశాడు.

ఫైలు తెరిచి కూర్చున్నాను. భయంగానే ఉంది. కానీ అవ్వ గొంతులో నా పేరు ఉన్నది ఈ ఒక్క చోటే.